రత్తమ్మగారి ఇల్లరికపుటల్లుడు

కనకరత్నంగారు తన ఒంట్లోకి పురుగును ఎక్కించుకుంటానని చెప్పేసరికి కోడలు ప్రసూన పులుసులో గరిట తిప్పడం ఆపేసింది.

“ఎవరితో అన్నారు అత్తయ్యగారూ ఈ మాట?”

“అనడం కాదమ్మాయ్, అయిపోయింది. పొద్దున్న భీమవరం బస్సెక్కి వెళ్ళి మీ డాక్టర్ తాహెరాగారి ముందు వేలిముద్ర వేసొచ్చాను. పెన్ను పట్టుకోలేను గదా.”

“నాతో ఒక్క మాటైనా చెప్పకుండానా?”

“చెప్తే వద్దంటావు. అందుకే చెప్పలేదు. పులుసు అడుగంటుతోంది చూడు.”

నర్సాపురంలో కనకరత్నంగారిని అందరూ రత్తమ్మగారంటారు. తొమ్మిదో ఏట లేసు సూది పట్టింది. యాభై ఏళ్ళపాటు ఆ సూది చేతిలోంచి దిగలేదంటే అతిశయోక్తి కాదు. బస్సులో కూర్చున్నా అల్లేది, పురాణం వింటున్నా అల్లేది, మొగుడితో పోట్లాడుతూ కూడా అల్లేది. ఆ వీధిలో ముప్పైమంది ఆడవాళ్ళకు లేసు నేర్పింది ఆవిడే. అటువంటి మనిషికి ఆరేళ్ళ క్రితం కీళ్ళవాతం పట్టుకుంది. వేళ్ళు అల్లం కొమ్ముల్లా వంకర్లు తిరిగాయి. పొద్దున్నే లేచాక రెండు గంటలదాకా గుప్పిట మూయలేదు, తెరవలేదు. జడ కోడలు వెయ్యాలి. జాకెట్టు హుక్కులు కోడలు పెట్టాలి. ఆ తరవాతే ప్రసూన ఏడూ నలభై బస్సు అందుకుని భీమవరంలో తను పనిచేసే పరిశోధన కేంద్రానికి వెళ్ళాలి. మందులు వాడారు. కొన్ని కడుపును పాడుచేశాయి, కొన్ని మొహాన్ని ఉబ్బించాయి. వేళ్ళు మాత్రం అలాగే ఉన్నాయి.

ప్రసూన పదకొండేళ్ళుగా పురుగులతోనే కాపరం చేస్తోంది. అడవి ఎలుకల చర్మం కింద బతికే ఒక సన్నటి పురుగు మీద ఆమె పని. నూలుపోగంత ఉంటుంది. మన గోదావరి జిల్లాలను ఏళ్ళ తరబడి పీడించిన బోదకాలు పురుగుకు అది దూరపు చుట్టం. దాన్ని ప్రసూన, ఆమె తోటివాళ్ళు మార్చి మార్చి, పిల్లలు పెట్టలేని గొడ్డు పురుగును చేశారు. మనిషి చర్మం కింద ఏడాదిపాటు ఉంటుంది, ఆ తరవాత తనంతట తనే చచ్చి కరిగిపోతుంది. దాన్ని ముందే చంపాలంటే ఒక్క మాత్ర చాలు.

ఒకసారి పరిశోధన కేంద్రంలో ఊళ్ళోవాళ్ళను పిలిచి చూపించే రోజున రత్తమ్మగారు కూడా వచ్చి సూక్ష్మదర్శినిలో కన్ను పెట్టింది. గాజుపలక మీద పురుగు కదులుతోంది. నాలుగువైపుల నుంచీ గుండ్రటి కణాలు దాని మీదికి పాక్కుంటూ వచ్చాయి.

“ఇవేంటమ్మాయ్?”

“మనిషి రక్తంలోని కాపలా కణాలు. పరాయిది కనిపిస్తే చంపి తినేస్తాయి.”

“అయితే దీని పని అయిపోయిందన్నమాట.” అని ఇంకా కాసేపు చూసింది. “ఇదేంటే, మీద పడతాయనుకుంటే చుట్టూ కూర్చుండిపోయాయి! పడుకున్నాయేంటి?”

“పురుగు ఒక రసం వదులుతుంది అత్తయ్యగారూ. ఆ రసం తగిలితే ‘వీడు మనవాడే, గొడవ చెయ్యకండి’ అనుకుని ఊరుకుంటాయి. అందుకే అది ఒంట్లో ఏళ్ళకేళ్ళు బతుకుతుంది.”

రత్తమ్మగారు కన్ను తియ్యకుండానే అడిగింది. “మరి నా కీళ్ళు నమిలేస్తున్నది కూడా ఈ కాపలా కణాలేనన్నావు కదా? పెంచుకున్న కుక్క ఇంట్లోవాళ్ళనే కరుస్తోందన్నావు?”

“అవును.”

“అయితే ఆ కుక్కకి జోలపాడే పురుగు నా ఒంట్లో ఉంటే?”

రత్తమ్మగారు తలెత్తేసరికి ప్రసూన ఆవిడనే చూస్తోంది. పదకొండేళ్ళుగా తను వెతుకుతున్నది అదే. ఆ చూపు చూసే రత్తమ్మగారు అప్పుడే నిశ్చయం చేసేసుకుని ఉంటుంది.

పరిశోధకురాలి అత్తగారు ప్రయోగంలో చేరవచ్చునా అని ప్రయోగాలకు అనుమతిచ్చే కమిటీవాళ్ళు రెండు వారాలు తర్జనభర్జన పడ్డారు. చివరికి ఒక షరతు పెట్టారు. రత్తమ్మగారి పరీక్షలు, కాగితాలు, ఫలితాలు ఏవీ ప్రసూన చూడకూడదు. అన్నీ డాక్టర్ తాహెరా బేగమే చూసుకోవాలి. ఇంట్లో ఒకే కంచంలో తిన్నా, కేంద్రంలో మాత్రం ఆ మనిషి ప్రసూనకు ఎవరో తెలియనట్టే ఉండాలి.

జూలైలో పన్నెండుమంది ఎడమ ముంజేతుల్లో పన్నెండు పురుగులు దిగాయి. వాళ్ళలో ఒక బస్సు కండక్టరు ఉన్నాడు, ఒక పంతులమ్మ ఉంది, మొగల్తూరు దగ్గర బాతులు మేపుకునే సూరన్న ఉన్నాడు. సూరన్నకి యాభై దాటలేదు, కర్ర పట్టుకోలేని చేతులు. కర్ర భార్య చేతికిచ్చి, మూడొందల బాతులను తను నోటితోనే అదిలించుకుంటూ తిరిగేవాడు.

“చీమ కుట్టినట్టుంది, అంతే,” అంది రత్తమ్మగారు ఇంటికి వచ్చి. చర్మం కింద వెంట్రుకంత నీలి గీత కనిపిస్తోంది. “ఊరికే నా ఇంట్లో ఉంటుంది, నా తిండి తింటుంది, నా ఇంట్లో గొడవలు సర్దుతుంది. ఇల్లరికపుటల్లుడన్నమాట. ఒక్కగానొక్క కొడుకుని కన్నాను, అల్లుడి ముచ్చట ఇలా తీరాలని రాసిపెట్టుంది.”

కొడుకు రాంబాబు రొయ్యల చెరువుల్లో నీళ్ళు చిలికే యంత్రాలు బాగుచేస్తాడు. వాళ్ళమ్మ చెయ్యి చూసి మొహం చిట్లించాడు. “దానికి మర్యాదలేంటమ్మా?”

“ఉండరా. ముందు పనిచేస్తాడో లేదో చూద్దాం. పనిచేస్తేనే పండక్కి బట్టలు.”

నలభై రోజులు గడిచాయి. ఒక పొద్దున్న ప్రసూన దువ్వెన పట్టుకుని అత్తగారి గదిలోకి వెళితే మంచం మీద ఆవిడ లేదు. పెరట్లోంచి నీళ్ళ చప్పుడు వినిపించింది. వెళ్ళి చూస్తే రత్తమ్మగారు తడి దుప్పటి పిండుతోంది. రెండు చేతులతో మెలిపెట్టి, నీళ్ళు ధారగా కారేట్టు. జడ అప్పటికే వేసుకుంది. వంకరగా ఉంది, కానీ తనే వేసుకుంది.

ప్రసూన గుమ్మంలోనే ఆగిపోయింది.

“అలా నిలబడ్డావేంటి? ఆ కొస పట్టుకో, ఆరేద్దాం,” అంది రత్తమ్మగారు. దుప్పటికి అటు చివర ఆవిడ, ఇటు చివర కోడలు. దులిపేసరికి ఇద్దరి మీదా నీళ్ళు చిందాయి. రత్తమ్మగారు పకపకా నవ్వింది. ప్రసూనకు ఆ రోజు ఏడూ నలభై బస్సు తప్పిపోయింది. పెళ్ళైన పన్నెండేళ్ళలో అత్తగారిని అలా నవ్వుతుండగా చూడడం అదే మొదలు.

వినాయకచవితి నాటికి లేసు సూది మళ్ళీ చేతికొచ్చింది. మొదట్లో ముళ్ళు వదులుగా పడేవి. విప్పి మళ్ళీ అల్లేది. దసరా వచ్చేసరికి వీధిలో ఆడవాళ్ళు మధ్యాహ్నం పూట అరుగు మీదికి చేరడం మొదలుపెట్టారు. అరుగు మీంచి నవ్వులు, ఎకసెక్కాలు. రత్తమ్మగారి అల్లుడికి పట్టుపంచె ఎప్పుడు పెడతారని అడిగేవాళ్ళు. భీమవరంలోనూ అదే వరస. కండక్టరు టిక్కెట్లు చించుతున్నాడు. పంతులమ్మ బోర్డు మీద రాస్తోంది. సూరన్న చేతికర్ర పట్టుకుని వచ్చి పరిశోధన కేంద్రానికంతా బాతుగుడ్లు పంచిపెట్టాడు. “ఆయ్, పట్టుకున్నానండి కర్ర! ఇదిగో చూడండి,” అని గాలిలో గిరగిరా తిప్పి చూపిస్తే ఆఫీసు గోడ మీద వేలాడే గడియారం తృటిలో తప్పించుకుంది.

ఆ అక్టోబరు చివర తుపాను వానలు పట్టుకున్నాయి. ఒక సోమవారం తాహెరా నుంచి ఫోను వచ్చింది.

“ప్రసూనా, సూరన్న ఆసుపత్రిలో ఉన్నాడు. వెంటనే రా.”

సూరన్న వరిచేలో బాతులు దింపినప్పుడు నత్తగుల్ల కాలిలో దిగబడింది. మామూలుగా అయితే సాయంత్రానికి ఎర్రగా వాచేది, సలపరించేది, రాత్రికి చలిజ్వరం వచ్చేది. మర్నాడు డాక్టరు దగ్గరికి పరుగెత్తేవాడు. ఇప్పుడేమీ కాలేదు. వాపు లేదు. నొప్పి లేదు. ఒళ్ళు వెచ్చబడలేదు. తొమ్మిది రోజులు బురదలోనే తిరిగాడు. పదో రోజున బాతుల మధ్యే కూలిపోయాడు. అప్పటికి విషం రక్తంలోకి పాకింది, రెండు కాలివేళ్ళు నల్లబడ్డాయి.

కాపలా కుక్కను పడుకోబెడితే ఇంట్లోవాళ్ళను కరవడం మానుతుంది, నిజమే. దొంగ వచ్చినా మొరగడం మానేస్తుంది. ఈ సంగతి ప్రసూనకు తెలియనిది కాదు. ఎలుకల్లో చూసింది, కాగితాల్లో రాసింది, అందరితో సంతకాలు తీసుకుంది. ప్రతివారం రక్తం పరీక్షిస్తే సరిపోతుందనుకుంది. తుపానుకు దార్లు మునిగి సూరన్న రెండు వారాలు రాలేకపోయాడు. పరీక్ష జరగలేదు.

ఆసుపత్రి వరండాలో సూరన్న భార్య మంగ ఎదురుపడింది.

“మాకు చేతులు బాగైతే చాలన్నాం గానీ, కాలు తీసుకోమన్నామా మేడమ్ గారూ?” అంది. అరవలేదు. మామూలుగానే అంది. “జొరం కూడా రాకుండా చేశారే మనిషికి. జొరమొస్తే నాకు తెలిసేది కాదా? పక్కన పడుకున్నదాన్ని, నాకు తెలిసేది కాదా?”

 ప్రసూన లోపలికి వెళితే సూరన్న ఒకసారి చూసి మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

కమిటీ వెంటనే కూర్చుంది. ప్రయోగం ఆపాలి, పది రోజుల్లోగా మిగతా పదకొండుమందికీ మాత్ర ఇచ్చి పురుగులు చంపాలి. సూరన్నకు మాత్రం అప్పుడే ఇవ్వలేదు. అంత నీరసంలో చచ్చిన పురుగు ఒంట్లో కరిగితే అదో కొత్త ప్రమాదమని తాహెరా ఆపింది. బలమైన మందులు ఎక్కిస్తూ కనిపెట్టుకుని కూర్చుంది.

ఇంట్లో రత్తమ్మగారు మాత్రను అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసింది.

“వేసుకోవాలా?”

“వేసుకోవాలి అత్తయ్యగారూ.”

“పది రోజులు గడువు ఉందన్నారుగా. పదో రోజున వేసుకుంటాను.”

“మీకూ ఏదైనా అయితే? మీ కాగితాలు నేను చూడకూడదు. మీకేమవుతోందో నాకు తెలియదు. జ్వరం కూడా రాదు మీకు!”

రత్తమ్మగారు మాత్రను దేవుడి పటం ముందు పెట్టి వచ్చి కోడలి పక్కన కూర్చుంది. “నేను ఆరేళ్ళు నీచేత బట్టలు కట్టించుకున్నానమ్మాయ్. నువ్వు ఒక్కరోజు విసుక్కోలేదు. నువ్వు విసుక్కోకపోతే నాకు మరీ కష్టంగా ఉండేది. నీకు తెలియదది. పది రోజులే అడుగుతున్నాను. అల్లిన దాంట్లో సగం మిగిలిపోయింది, అది పూర్తిచేసుకుంటాను. నువ్వెళ్ళి ఆ బాతులాయన సంగతి చూడు.”

ప్రసూన రోజూ ఆసుపత్రికి వెళ్ళింది. సూరన్న మాట్లాడేవాడు కాదు. వరండా బల్ల మీద కూర్చుని అతని జ్వరం పట్టీ తిరగేసేది. మూడోరోజు మధ్యాహ్నం ఒక సంగతి కంట్లో పడింది. ఒంట్లో పురుగుండగా సూరన్నకు జ్వరం రాకూడదు. కానీ వచ్చింది. నిన్న ఒంటిగంటకు నూట రెండు. మళ్ళీ సాయంత్రం ఆరింటికి. ఈ రోజు పన్నెండున్నరకు. వచ్చిన ప్రతిసారీ రక్తంలో కాపలా కాసే తెల్లకణాలు కూడా ఒక్కసారిగా పెరిగాయి. ఆ తరవాత మళ్ళీ అంతా చల్లబడిపోయింది.

నర్సు రాసిన కాగితాన్ని దాని పక్కన పెట్టి పోల్చి చూసింది. నిన్న పదకొండింటికి: ‘సెలైన్ ఎక్కిన చెయ్యి పొంగింది, వేడి కాపడం పెట్టాను.’ మళ్ళీ నాలుగింటికి కాపడం. ఈ రోజు పదిన్నరకు కాపడం.

ప్రసూన పరుగున వెళ్ళి నర్సును పట్టుకుంది. “ఏ చేతికి పెట్టావమ్మా కాపడం?”

నర్సు భయపడింది. “ఎడమ చేతికి మేడమ్. కుడిచేతికి నరం దొరకలేదు. తప్పా?”

“తప్పు కాదు. ఎంతసేపు పెట్టావు?”

“అరగంట మేడమ్. ఉప్పు మూట కట్టి.”

పురుగున్నది ఎడమ చేతిలోనే.

మర్నాడు పొద్దున్న ప్రయోగశాలలో ఇరవై గాజుపలకల్లో ఇరవై పురుగులను నలభై డిగ్రీల వేడిలో అరగంట ఉంచింది. ఆ తరవాత ఎంత రసం వదులుతున్నాయో చూసింది. దాదాపు ఏమీ లేదు. బతికే ఉన్నాయి, మెల్లగా కదులుతూనే ఉన్నాయి, రసం మాత్రం కట్టేశాయి. చల్లబడ్డ మూడు గంటలకు మళ్ళీ మొదలుపెట్టాయి. ఇంకో ఇరవైతో చేసింది. అదే ఫలితం. ఎందుకో మాత్రం అంతుబట్టలేదు.

సాయంత్రం అన్నం దగ్గర కూర్చుని ఇదే చెబితే రాంబాబు చేపముల్లు తీసుకుంటూ, “మా మోటార్లూ అంతేగా,” అన్నాడు. “వేడెక్కితే ట్రిప్పయి ఆగిపోతాయి. ఆగకపోతే మోటారూ కాలుతుంది, పక్కనున్న వైరింగూ కాలుతుంది. చల్లబడ్డాక మళ్ళీ దానంతటదే తిరుగుతుంది.”

ప్రసూన ముద్ద నోటి దగ్గర ఆపేసింది. “మనిషి చస్తే పురుగూ చస్తుంది.”

“ఆ?”

“ఇల్లు కాలిపోతే లోపలున్నవాడూ కాలిపోతాడు. అందుకని ఒళ్ళు వేడెక్కితే, అంటే ఇంట్లో పెద్ద ఆపద వచ్చిందంటే, రసం కట్టేసి కాపలావాళ్ళను లేవనిస్తుంది. ఎలుకల్లో పురుగు జోల మరీ అంత గట్టిది కాదు, జ్వరం కాస్త వస్తుంది. మేము రసం ఎక్కువ ఊరేట్టు మార్చాం. అసలు జ్వరమే రాకుండా చేశాం. దానికి కబురు అందే దారి మూసేశాం!”

“అయితే ఆ కబురేదో బయటినుంచి మనమే పంపాలి,” అంది రత్తమ్మగారు మజ్జిగ పోస్తూ. “కాపడం పెట్టి.”

ఇంకా ఎవరూ మాత్ర వేసుకోకముందే కమిటీ గడువు ఆపి, ఒకే ఒక్క అవకాశమిచ్చింది. ఒక్క మనిషి మీద, ఆసుపత్రిలో, డాక్టర్ల కళ్ళెదుట. కాపడం పెడితే కాపలా కణాలు నిజంగా లేస్తాయా, మళ్ళీ పడుకుంటాయా అన్నది తేలాలి. ఎవరు ముందుకొస్తారని అడిగేలోపే రత్తమ్మగారు కుర్చీలోంచి లేచి నిలబడింది.

ప్రసూనను గదిలోకి రానివ్వలేదు. షరతు షరతే. బయట రాంబాబు, ప్రసూన ఒకే బల్ల మీద కూర్చున్నారు. తొమ్మిదింటికి ఉప్పు మూట పెట్టారు. పది దాటింది. పదకొండైంది. తలుపు తెరుచుకుని తాహెరా బయటికొచ్చింది. ఎప్పుడూ గట్టిగా మాట్లాడని మనిషి, థర్మామీటరు జెండాలా పైకెత్తి అరిచింది.

“నూట ఒకటి! ప్రసూనా, మీ అత్తగారికి జ్వరమొచ్చింది!”

ప్రసూన లేచి తాహెరాను వాటేసుకుంది. ఇద్దరూ వరండాలో గిర్రున తిరిగారు. రోగులు, వాళ్ళ చుట్టాలు, అందరూ తలలు బయట పెట్టి చూశారు. రాంబాబు బిక్కమొహం వేశాడు.

“మా అమ్మకి జ్వరమొస్తే మీరిద్దరూ గంతులేస్తారేంటండీ?”

“కుక్క మొరిగిందండీ!” అంది ప్రసూన కళ్ళనీళ్ళతో నవ్వుతూ. “మొరిగింది!”

తాహెరా ముందుగా తేరుకుంది. “మొరిగిందంటే దొంగ ఉన్నాడన్నమాట. వెతకాలి.”

వెతికితే గంటలో దొరికాడు. రత్తమ్మగారి ఎడమవైపు దవడపన్ను కింద చీము గూడు కట్టింది. ఎన్నాళ్ళ నుంచో ఉంది. నొప్పి లేదు, వాపు లేదు, ఆవిడ దానితోనే చేగోడీలు నములుతోంది. ఇంకో నెల ఊరుకుంటే ఆ చీము ఎముకలోకీ రక్తంలోకీ దిగేదని పళ్ళ డాక్టరు చెప్పాడు. రెండు పళ్ళు పీకేశారు.

రత్తమ్మగారు నోట్లో దూది పెట్టుకుని బయటికొచ్చింది. జ్వరంతో కళ్ళు ఎర్రబడ్డాయి, వేళ్ళు మళ్ళీ బిగుసుకున్నాయి, బుగ్గ ఉబ్బింది. కోడలిని చూసి ఏదో అనబోయింది, దూది అడ్డొచ్చింది. అందుకని బిగుసుకున్న చేతినే ఎత్తి కోడలి చెంప మీద పెట్టింది. చెయ్యి కాలిపోతోంది. ప్రసూన ఆ చేతిని అలాగే పట్టుకుని ఉండిపోయింది.

మర్నాటికి జ్వరం దిగింది. మూడోనాటికి వేళ్ళు మెత్తబడ్డాయి.

ఆ తరవాత కమిటీ కొత్త పద్ధతి రాసింది. వారానికోసారి కాపడం. ఆ రోజు కాపలా కణాలు లేచి ఒళ్ళంతా ఒకసారి గాలించుకుంటాయి. దొంగ ఉంటే జ్వరం వస్తుంది, లేకపోతే రాదు. ఆ ఒక్కరోజు కీళ్ళు మాత్రం నొప్పిపెడతాయి. దీనికి ఒప్పుకున్నవాళ్ళు ఉండవచ్చు, వద్దనుకుంటే మాత్ర వేసుకోవచ్చు. కండక్టరు, ఇంకొకావిడ మాత్ర వేసుకున్నారు. వాళ్ళను ఎవరూ ఏమీ అనలేదు. తొమ్మిదిమంది ఉండిపోయారు.

నర్సాపురంలో ఆదివారం కాపడం రోజు. రత్తమ్మగారు ఆ రోజు మంచం దిగదు. వేళ్ళు లాగేస్తున్నాయని ఇంటిల్లిపాదినీ తిడుతుంది, వీధిలో ఆడవాళ్ళు వచ్చి చుట్టూ కూర్చుంటే వాళ్ళనూ తిడుతుంది. పదకొండింటికి రాంబాబు థర్మామీటరు తెచ్చి నోట్లో పెడతాడు. తొంభై ఎనిమిదిన్నర అని చదివితే అందరూ ఈలలు వేస్తారు. “అల్లుడికీ సెలవు కావాలి గదే, వారానికో రోజు,” అంటుంది ఆవిడ మూలుగుతూనే. సోమవారం పొద్దున్నకల్లా సూది చేతిలో ఉంటుంది.

ప్రసూనకు మాత్రం ఒక్కటి మిగిలిపోయింది. సూరన్న బతికాడు. రెండు కాలివేళ్ళు తీసేశారు. బయటపడ్డాక మాత్ర వేసి అతని పురుగును చంపేశారు. నెల తిరిగేసరికి చేతులు మళ్ళీ వంకర్లు పోయాయని తాహెరా చెప్పింది. కబురు పంపితే జవాబు లేదు.

ఫిబ్రవరిలో ప్రసూన తనే మొగల్తూరు వెళ్ళింది. రెండో పంట దాళ్వాకు నాట్లు పడిన చేల మధ్య, కాలవ గట్టు మీద సూరన్న కనిపించాడు. కొద్దిగా కుంటుతున్నాడు. ముందు బాతుల గుంపు. మంగ ఇంకో వైపు నుంచి అదిలిస్తోంది. ప్రసూనను చూసి ఇద్దరూ ఆగారు.

“క్షమించమని అడగడానికి వచ్చాను సూరన్నగారూ,” అంది ప్రసూన. “జాగ్రత్త పడాల్సింది నేను. పడలేదు. మీ ఇంటికి మనిషిని పంపి రక్తం తీయించాల్సింది. దార్లు మునిగాయని ఊరుకున్నాను.”

సూరన్న కాలవలోకి దిగబోతున్న బాతును నోటితో అదిలించాడు. “నాలుగు నెలల నుంచీ కోపంగానే ఉందండి. లేదని చెప్పను.”

“ఆ.”

“కానీ ఆ మూడు నెలలు...” అని తన చేతులు చూసుకున్నాడు. “మా ఆవిడకి కర్ర ఇచ్చి ముందు నడవమనేవాణ్ణి ఇన్నాళ్ళూ. ఆ మూడు నెలలూ తను ఇంటికాడ పడుకుని నిద్రపోయిందండి, పొద్దెక్కేదాకా. పెళ్ళైన కాడ్నించి అంత నిద్రపోలేదు.”

మంగ అందుకుంది. “ఆ కాపడం సంగతి డాక్టరమ్మగారు చెప్పారు. ఆ జొరం వస్తదంటగా ఇప్పుడు?”

“వస్తుంది. వారానికోసారి కాపడం పెట్టాలి. తుపానొచ్చినా మానకూడదు. రక్తం తియ్యడానికి మనిషి మీ ఇంటికే వస్తాడు, పడవేసుకునైనా సరే.”

“కాపడం నేను పెడతానండి,” అంది మంగ. “ఎవరూ రానక్కర్లేదు దానికి. పక్కన పడుకునేది నేనేగా. ఒళ్ళు వెచ్చబడిందంటే నా చేతికి తెలుస్తది.” మొగుడి వైపు తిరిగింది. “ఏంటి, అడిగెయ్యవేం? వారం నుంచీ నన్ను చంపుతున్నావుగా.”

సూరన్న గొంతు సవరించుకున్నాడు. “నాకు మళ్ళీ ఒక పురుగు కావాలండి.”

ప్రసూన ఏదో చెప్పబోయింది. సరిగ్గా అప్పుడే మలుపులో బస్సు హారన్ మోగింది. బాతులు బెదిరి ఒక్కసారిగా రోడ్డెక్కాయి. మూడొందల బాతులు బక్‌బక్‌మని అరుస్తూ రోడ్డంతా పరుచుకున్నాయి. బస్సు ఆగిపోయింది, వెనక రెండు ఆటోలు ఆగాయి, ఒక మోటారుసైకిలు కాలవలోకి జారబోయి నిలదొక్కుకుంది. కిటికీల్లోంచి జనం నవ్వుతూ కేకలేస్తున్నారు.

“పట్టండి మేడమ్ గారూ, పట్టండి!” అంటూ సూరన్న చంకలో ఇరికించుకున్న కర్రను ఆమె చేతుల్లోకి తోశాడు. “అటు నుంచి రండి! కొట్టకండి, ఊరికే నేల మీద ఆడించండి, వాటంతటవే తిరుగుతాయి!”

ప్రసూన చెప్పులు గట్టు మీద వదిలేసింది. చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుని, కర్ర ఆడిస్తూ బాతుల వెనక పరిగెత్తింది. అవి ఎటు తోలితే అటు కాక ఇంకెటో పోతున్నాయి. మంగ అటు నుంచి, సూరన్న ఇటు నుంచి నోటితో అదిలిస్తున్నారు. సూరన్న నవ్వుకు ఊపిరాడక వంగిపోయి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, “ఎడమకి! మేడమ్ గారూ, ఎడమకి!” అని అరుస్తూనే ఉన్నాడు.